ఓహైయో వింటేజ్ ర్యాలీకి ఆర్‌వీలో ప్రయాణం: యెజ్డీని వెనుక ర్యాక్‌పై మోయాలా, ట్రైలర్ కట్టాలా?

అందరికీ నమస్కారం. జూలైలో ఓహైయోలోని లెక్సింగ్టన్ దగ్గర, మిడ్-ఓహైయో రేస్ ట్రాక్‌లో జరిగే ఏఎంఏ (అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్) వింటేజ్ మోటార్‌సైకిల్ డేస్ అనే పాత బండ్ల ఉత్సవానికి న్యూజెర్సీ నుంచి మా సొంత ఆర్‌వీలో (లోపలే పడక, వంటగది ఉండే పెద్ద వాహనం) వెళ్లాలని అనుకుంటున్నాము. మా నాన్నగారు గుంటూరులో నడిపిన, మైసూరులో తయారైన యెజ్డీ రోడ్‌కింగ్‌ను అక్కడి పాత బండ్ల అభిమానులకు చూపించాలన్నది నా చిరకాల కోరిక.

బండి బరువు దాదాపు 140 కిలోలే అయినా, మా ఆర్‌వీ బాడీ వెనుక చక్రాలు దాటి చాలా దూరం వెనక్కి ఉండటం వల్ల, హిచ్‌కు (వాహనం వెనుక ట్రైలర్ తగిలించే కొక్కేనికి) బిగించిన ర్యాక్‌పై దాన్ని ఎక్కిస్తే వెనుక ఇరుసుపై బండి అసలు బరువును మించిన భారం పడి, ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టు తగ్గుతుందేమోనని భయంగా ఉంది. చిన్న ట్రైలర్ నాకు సురక్షితంగా తోస్తోంది. కానీ పెన్సిల్వేనియా కొండల మీదుగా సాగే ఇంటర్‌స్టేట్ 80 హైవేపై దానిని లాగిన అనుభవం నాకు లేదు. ఇలా ప్రయాణించినవారు ఏ పద్ధతి ఎంచుకున్నారు, ఎందుకు?

మరొక సందేహం: ఇది టూ-స్ట్రోక్ బండి కాబట్టి ఆయిల్ కలిపిన పెట్రోల్ వెంట ఉండాలి. వంటగ్యాస్ సిలిండర్ ఉన్న ఆర్‌వీలో పెట్రోల్ క్యాన్‌ను లోపల పెట్టడం నాకు ఇష్టం లేదు. దానిని బయట ఎక్కడ, ఎలా బిగించాలో దయచేసి వివరంగా చెప్పగలరు.