గుల్మార్గ్‌లో 12 మందికి ఒక్క గైడ్ సరిపోతాడా?

హన్మకొండ నుంచి 12 మందిమి ఫిబ్రవరిలో కశ్మీర్‌లోని గుల్మార్గ్‌కు స్కీయింగ్ కోసం పోతున్నం. మంచును ఫ్రిజ్‌లో తప్ప చూడనోళ్లే ఎక్కువ. ప్యాకేజీవాళ్లు ఒక్క గైడ్‌నే ఇచ్చి, రెండో రోజే గొండోలా (కేబుల్ కారు) రెండో దశలో అఫర్వత్ కొండ పైకి తీసుకపోతమంటున్నరు. అది సుమారు 3,950 మీటర్ల ఎత్తు, చదును చేసిన వాలు కాదు. మంచుచరియలు ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే. కొత్త మంచు పడ్డాక ఒక్కొక్కరే దిగాల్సిన చోట గుంపంతా ఒకేసారి దిగితే ఆ బరువుకు పొర తెగొచ్చు.

ట్రాన్సీవర్ (మంచులో కూరుకపోయినోళ్ల జాడ తెలిపే సిగ్నల్ పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార అందరికీ ఇస్తరా అంటే 'గైడ్ దగ్గర ఉంటయి' అన్నరు. కూరుకపోయినోళ్ల ఒంటి మీద ట్రాన్సీవర్ లేకుంటే మిగతావాళ్లు ఏ సిగ్నల్ పట్టుకొని వెతకాలె?

స్నోప్లౌతో (స్కీల ముందు కొనలు దగ్గర చేసి వేగం తగ్గించే పద్ధతి) ఆగడం రానోళ్లను కింది వాలు దాటనియ్యొద్దని నా వాదన. ఒక్క గైడ్‌కు ఎంతమంది మించొద్దు? పైకి గైడెడ్ గుంపులను మొత్తానికే ఆపాల్నా, లేక మంచుచరియల ప్రమాద స్థాయి 5లో 3కు చేరిన రోజు ఆపితే చాలా?