సమస్య: గొడుగు నాలుగు చక్రాలఁ గూడి నడిచె

అరచేతి రథం:
మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య తేటగీతి అనే పద్యంలో చివరి పాదం. పైన మూడు పాదాలు రాసి, ఈ వింత మాటకు అర్థం కుదిరేట్టు మీరు పూరించాలి.

గొడుగు నాలుగు చక్రాలఁ గూడి నడిచె

సందర్భం చెబుతాను. మూడు నెలలుగా 1/24 కొలతలో ఒక ఫ్రెంచి కారు చేస్తున్నాను. సిట్రోయెన్ 2 సీవీ. పెట్టెలో దొరికే ముక్కలు అతికించడం కాదు, ప్లాస్టిక్ రేకు కోసి మొదటినుంచీ చేస్తున్నది. 1930లలో సంస్థ పెద్ద పియేర్ బూలాంజే తన ఇంజనీర్లను అడిగిన బండి ఇది: ఇద్దరు రైతులు, 50 కిలోల బంగాళాదుంపలు ఎక్కాలి, గంటకు 60 కిలోమీటర్లు పోవాలి, దున్నిన చేలో బుట్టెడు గుడ్లు తీసుకెళ్లినా ఒక్కటీ పగలకూడదు. నాలుగు చక్రాల మీద గొడుగు లాంటి బండి అన్న మాట దీని చరిత్రలో ప్రసిద్ధం. యుద్ధం వల్ల ఆగిపోయి, 1948 అక్టోబరులో పారిస్ ప్రదర్శనలో జనం ముందుకొచ్చింది. 1990 దాకా తయారైంది. పైకప్పు గుడ్డే. తొలినాటి బండ్లలో ఆ గుడ్డ వెనక సామాన్ల అర మీదుగా కిందిదాకా దిగేది.

ఒక్క నియమం. పూరణలో బొమ్మ కనబడాలి.

వానచినుకు:
నా ప్రయత్నం.

రైతు లిద్దరు మూటతో రథము నెక్క,
దుక్కి చేలోన గుడ్లైన దొర్లకుండ,
కప్పు గుడ్డయై వానలఁ గాచుచుండ,
గొడుగు నాలుగు చక్రాలఁ గూడి నడిచె.

తాటాకు:
వానచినుకు గారూ, పద్యం ధారగా ఉంది. రెండో పాదంలో దు-దొ యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ ఒకచోట జత కుదిరే అక్షరం), ఆ మాటల బరువు చేలో కుదుపులా వినిపిస్తున్నాయి. బూలాంజే కోరిక మొత్తం మూడు పాదాల్లో పట్టారు. అభినందనలు. కానీ ఇది అసలు బండి. పృచ్ఛకులు అడిగింది బొమ్మ. మీ పద్యంలో కత్తీ లేదు, జిగురూ లేదు.

వానచినుకు:
నిజమే గురువుగారూ. గుడ్ల కథ దగ్గరే మనసు ఆగిపోయింది. మళ్లీ వస్తాను.

చిరుగంట:
పద్యం రాయడం నాకు కొత్త. తప్పులుంటే చెప్పండి.

రేకు లతికించి జిగురుతో రేయి గడిపి
యిరుసు కిరుసుకుఁ బదిసెంటు లెడము నుంచి
పాత గుడ్డను పైకప్పు చేసినంత
గొడుగు నాలుగు చక్రాలఁ గూడి నడిచె.

తాటాకు:
అమ్మా చిరుగంటా, గణాలన్నీ, అంటే గురులఘువుల లెక్క, సరిపోయాయి. కొత్తవాళ్లకు అంత తేలిక కాదు, సంతోషం. మూడో పాదంలో యతి తప్పింది. 'పా'కు 'చే' కుదరదు. "పాత గుడ్డను బండిపైఁ బఱచినంత" అంటే ప-బ వర్గయతి సరిపోతుంది, గుడ్డ పరిచే చెయ్యి కూడా కనిపిస్తుంది. రెండో పాదంలో యతి ఉంది కానీ మాట తేడా. సెంటు అంటే మన ఊళ్లలో భూమి కొలత. పది సెంట్లలో ఇల్లే కట్టేస్తారు. "బెత్తెడు నెడము నుంచి" అనండి.

అరచేతి రథం:
గురువుగారూ, మన్నించాలి, బెత్తెడు వద్దు. అసలు బండిలో ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమికి 2.40 మీటర్లు. 24తో భాగిస్తే సరిగ్గా 10 సెంటీమీటర్లు. బెత్తెడు అంటే నాలుగు వేళ్ల వెడల్పు, ఏడెనిమిదికి మించదు. ఆ కొలతతో చేస్తే తలుపులు పట్టవు. నేను మొదటిసారి రెండు మిల్లీమీటర్లు తగ్గించి కోస్తేనే వెనక తలుపు మూసుకోలేదు. ఒక పక్క రేకంతా పారేసి మళ్లీ కోశాను.

తాటాకు:
ఒప్పుకున్నాను. పద్యం కోసం బండిని కుదించకూడదు. అయితే "యిరుసు కిరుసుకుఁ గొలిచిన యెడము నుంచి" అనవచ్చు. ఇ-ఎ స్వరయతి నిలుస్తుంది, అంకె చదివేవాళ్ల ఊహకు వదిలేస్తాం.

చిరుగంట:
ధన్యవాదాలండీ. రెండూ సవరించుకున్నాను. ఒక సందేహం. 2 సీవీకి ఈ పక్క నుంచి ఆ పక్కకు ఒకే ఇరుసు ఉండదని చదివాను. నేను 'ఇరుసు' అనవచ్చా?

అరచేతి రథం:
మంచి ప్రశ్న. ఒక్కో చక్రానికి ఒక్కో చెయ్యి ఉంటుంది. ముందు చేతులు ముందుకు, వెనక చేతులు వెనక్కు చాచి ఉంటాయి. ప్రతి పక్కా బండి అడుగున పొడవునా పడుకున్న ఒక గొట్టంలో స్ప్రింగులు. ఆ పక్క ముందు చక్రం, వెనక చక్రం రెండూ దానికే కడ్డీలతో కట్టి ఉంటాయి. ముందు చక్రం గట్టెక్కితే ఆ కదలిక వెనకదానికి అందుతుంది. గుడ్లు పగలని కిటుకు అక్కడే ఉంది. అయినా చక్రం తిరగడానికి చేతి చివర పొట్టి ఇరుసు ఉండాల్సిందే. మీ మాట తప్పు కాదు.

తాటాకు:
మరి అసలు విషయం మిగిలింది. అమ్మాయి పద్యంలో బండి బల్ల మీద నిలబడింది. నడిచిందా? గుడ్డ పరిస్తే బండి నడవదు. ఈ సమస్యకు ప్రాణం 'నడిచె'లో ఉంది.

ఇనుపగజ్జె:
ఆ మాట చూసి రాశాను.

చిన్ని మనుమరా లుదయాన చేతఁ బట్టి
దారమును గట్టి లాగంగఁ దడబడకయె
బల్ల పైనున్న పొత్తాలఁ బాఱి దాఁటి
గొడుగు నాలుగు చక్రాలఁ గూడి నడిచె.

తాటాకు:
భేష్. పుస్తకాలు దుక్కి చాళ్లయ్యాయి. నడక వచ్చింది. గొడుగు ఏదీ? ఈ పద్యంలో ఏ బొమ్మబండి పెట్టినా సరిపోతుంది.

ఇనుపగజ్జె:
అవునండీ, గొడుగు నాలుగో పాదంలోనే ఉండిపోయింది.

వానచినుకు:
రథం గారూ, ఇక మీ పూరణ పెట్టండి. ఎదురుచూస్తున్నాం.

అరచేతి రథం:
నాకు ఈ పాదం ఎలా తట్టిందో చెప్పి పెడతాను. పైకప్పు కోసం చేతిరుమాలు కోసి చూశాను. నేత మరీ లావు, 1/24లో గోనెపట్టాలా కనిపించింది. పట్టు ముక్క రంగు వెయ్యగానే ముడుచుకుపోయింది. అటక మీద మా అవ్వ గొడుగు కనిపించింది. నల్లది, మడతల దగ్గర నెరిసి బూడిద రంగుకు వచ్చింది. ఎండలో తిరిగిన బండి పైగుడ్డ అచ్చం అలాగే ఉంటుంది. తెల్ల జిగురు నీళ్లలో పలచగా కలిపి, ఆ ముక్క తడిపి, వంపుల మీద వేలితో నొక్కి రాత్రంతా ఆరబెట్టాను. పొద్దున్న చూస్తే అడ్డబద్దల మధ్య కొంచెం జారి, అసలు బండిలో లాగే నిలిచింది. అదే గొడుగులోంచి సన్న ఊచ తీసి నాలుగు ముక్కలు చేసి, ఒక్కో చేతి చివరా దిగ్గొట్టాను. స్ప్రింగులు బాల్‌పెన్నులవి.

అవ్వ చేతిలో నరిగిన యట్టి గొడుగు
బట్ట పైకప్పుగా మారి బండిఁ గప్ప,
నూచ లిరుసులై చక్రాల నొడిసి పట్ట,
గొడుగు నాలుగు చక్రాలఁ గూడి నడిచె.

చిరుగంట:
గొడుగే బండైపోయింది! కళ్లు చెమర్చాయండీ.

తాటాకు:
సమస్యలోని అసంగతి పూర్తిగా విడిపోయింది. గొడుగుకే చక్రాలు వచ్చాయి, కాబట్టి గొడుగే నడిచింది. ఒక్క మాట. మొదటి పాదంలో 'యట్టి' గణం నింపడానికి వచ్చినది. "అవ్వ చేతిలో నరిగిన యంచు గొడుగు" అంటే యతి చెడదు, అరిగిన అంచు కంటికి కనబడుతుంది.

అరచేతి రథం:
అలాగే మార్చాను గురువుగారూ. ఆ అంచునే ముందు అద్దం పైన వచ్చేట్టు కోశాను. అవ్వ వేసిన కుట్టు నాలుగు పోగులు అక్కడే ఉన్నాయి. రంగు వెయ్యలేదు.