అప్‌డేట్: నాన్న పీఎం కిసాన్ డబ్బులు దొరికాయి

స్టేటస్‌లో ఈకేవైసీ, భూమి వివరాలు, ఆధార్ సీడింగ్ (బ్యాంకు ఖాతాకు ఆధార్ జోడించడం) మూడూ 'యస్' అనే ఉన్నా, రెండు విడతలుగా నాన్న ఖాతాలో విడతకు రూ.2,000 చొప్పున పడాల్సిన డబ్బు పడలేదని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. డబ్బు ఆగలేదు, వేరే ఖాతాలో పడింది!

నిరుడు బంగారం తాకట్టు పెట్టినప్పుడు నాన్న టౌన్‌లో ఇంకో బ్యాంకులో ఖాతా తెరిచారు. అక్కడ ఆధార్ ఇచ్చి వేలిముద్ర వేశారు, అంతే. ఆధార్ ఎన్ని ఖాతాలకైనా లింక్ అవుతుంది గానీ, ప్రభుత్వ డబ్బు మాత్రం ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) మ్యాపింగ్‌లో, అంటే ఏ ఆధార్‌కి ఏ బ్యాంకు అని చూపే జాబితాలో, చివరగా ఎక్కిన బ్యాంకుకే వెళ్తుంది. ఈ ముక్క మాకెవరూ చెప్పలేదు. మూడుసార్లు మండలానికి తిరిగాం, ఎండలో, కూలి మానుకుని. నాన్న ముఖం చూస్తే కడుపు తరుక్కుపోయింది.

మీలో ఒకరు చెప్పినట్టే మైఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూశాను. ఓటీపీ కొట్టగానే ఆ కొత్త బ్యాంకు పేరు కనిపించింది. పాస్‌బుక్ ఎంట్రీ వేయిస్తే రూ.4,000 భద్రంగా ఉన్నాయి. మీకు చాలా రుణపడి ఉన్నాను.

మ్యాపింగ్ మళ్లీ ఊళ్లోని పాత ఖాతాకే మార్చమని నిన్న ఫారం ఇచ్చాం. ఆ నాలుగు వేలూ విత్తనాలకే అన్నారు నాన్న.