ట్యాంకు కింది తేనెతుట్టెలు ఎండాకాలం ఎటు పోతాయి? మళ్లీ వచ్చేవి అవేనా?

దేవరకొండ పోరడు:
అన్నలూ అక్కలూ, ఒక డౌట్. మాది దేవరకొండ పక్క ఊరు. ఊరి మొదట్లో ఉన్న మిషన్ భగీరథ మంచినీళ్ల ట్యాంకు కింద ఏటా పెద్ద తేనెతుట్టెలు పడతాయి. దసరా పోయినంక ఒకటీ రెండూ కనబడతాయి, సంక్రాంతి వరకు స్లాబు అంచు పొడుగునా వేలాడుతుంటాయి, ఎండలు ముదిరేసరికి మెల్లమెల్లగా ఖాళీ. ఎవరూ పొగ పెట్టింది లేదు, మందు కొట్టింది లేదు. ఒక పొద్దు లేచి చూస్తే ఈగలుండవు, ఉత్త మైనం చెక్క వేలాడుతుంటది, అందులో తేనె చుక్క కూడా ఉండదు. మళ్లీ దసరా తర్వాత అదే మూలకు, అదే దూలానికి వచ్చి పడతాయి.

ఎటు పోతున్నాయి, వచ్చేవి పోయినవేనా అనేది నా ప్రశ్న. ఇంకోటి, ట్యాంకు ఎదురుగానే స్కూలు ఉంది. ఈసారి కాల్పించేద్దామని ఊళ్లో మాట నడుస్తోంది. మా నాయనేమో ఎండాకాలం దాకా ఆగండి, వాటంతట అవే పోతాయి అంటాడు. కాల్చాలనేవాళ్లు, పోతే పోతయి, మళ్లీ వస్తయి కదా అంటారు. రెండూ నిజమే, అందుకే టెన్షన్. సాయంత్రం ఆరేసిన బట్టల మీద పసుపు చుక్కలు పడడం, రాత్రి వీధిలైటు కింద ఈగలు కుప్పగా రాలడం, ఇవి ఎందుకో కూడా ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

కనగల్ బత్తాయి:
తమ్మీ, తోట ఉన్నోళ్లకు ఇది రోజూ కనబడే సంగతే. వాటి రాకపోకలు పూత లెక్కన నడుస్తాయి. వానలు వెనుకబట్టినంక చెలకల్లో కంది పూస్తది, యాసంగిలో ఎక్కడన్న కుసుమ, పొద్దుతిరుగుడు వేస్తే అవి, సంక్రాంతి దాటితే బత్తాయి పూత. ఆ వాసనకు తోటంతా ఒకటే మోత. ఉగాదికి వేప పూస్తది, కొంచెం అటూ ఇటూ కానుగ. అది రాలినంక మన దిక్కు ఏముంది చెప్పు? కోసిన చెలకలు, ఎండిన కుంటలు. మేత లేదు, నీళ్లు లేవు, పైనుంచి కాంక్రీటు వేడి. పోక ఏం చేస్తయి.

బత్తాయి పూత మీద ఉన్నప్పుడు పొద్దటి పూట మందు కొట్టే రైతులు మా దగ్గర ఇప్పటికీ ఉన్నారు. ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఆ పొద్దు తోటలో నేల మీద కొట్టుకుంటున్న ఈగలను చూస్తే పానం ఉసూరుమంటది. అవి తుట్టె ఖాళీ చేసి పోయినవి కావు, సచ్చినవి. వలస వేరే, ఇది వేరే అని గుర్తుపెట్టుకోవాలె.

పాలమూరు సైన్స్ టీచర్:
మీ ఊళ్లో ఉన్నవి పెద్ద తేనెటీగలు, శాస్త్రంలో ఏపిస్ డోర్సాటా అంటారు. పెట్టెల్లో పెంచే ఈగలు కావివి. తొర్రలో, పుట్టలో దాక్కోకుండా ఒకే ఒక్క పెరను బయట గాలిలో వేలాడదీస్తాయి, అది మీటరు వెడల్పు దాటి కూడా పెరుగుతుంది. ఒకదాని మీద ఒకటి పేరుకుని ఈగలే ఆ పెర చుట్టూ తెరలా ఉంటాయి, మనకు నల్లగా కనిపించేది ఆ తెరే. ఎత్తు, పైన నీడ, కింద ఖాళీ జాగా ఉంటే చాలు, అది కొండచరియా, మర్రికొమ్మా, వాటర్ ట్యాంకా అన్నది వాటికి లెక్కలేదు.

మేత తగ్గితే ముందుగా రాణి గుడ్లు పెట్టడం తగ్గిస్తుంది. ఉన్న పిల్లలు ఈగలై బయటికి వచ్చేదాకా ఆగి, దాచుకున్న తేనెను తాగి పొట్ట నింపుకుని, అప్పుడు అన్నీ కలిసి లేస్తాయి. మీకు కనిపించిన ఎండు చెక్కలో చుక్క లేకపోవడానికి కారణం అదే, దొంగలు ఎవరూ ఎక్కలేదు. బయల్దేరే ముందు రోజుల్లో పెర మీద ఈగలు వలస నాట్యం చేస్తాయి. మామూలుగా పూలు ఎటున్నాయో చెప్పడానికి ఆడే ఊపుడు నాట్యమే, కానీ ఊపు చాలాసేపు సాగుతుంది, అంటే చూపించే దూరం చాలా ఎక్కువ. శ్రీలంకలో చేసిన పరిశీలనల్లో ఈ ఈగలు 100 నుంచి 200 కిలోమీటర్ల దాకా వెళ్తాయని తేలింది. ఒక్క దెబ్బన కాదు, దారిలో చెట్టు కొమ్మకు గుత్తిగా పట్టుకుని, పెర కట్టకుండానే మజిలీ చేస్తాయి. థాయ్‌లాండ్‌లో ఒక తోటలో ఏటా గుంపులు గుంపులుగా అలా దిగుతాయని 2012లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. కాబట్టి ఎక్కడైనా కొమ్మ మీద పెర లేకుండా ఈగల గుత్తి కనిపిస్తే గాబరా పడి రాళ్లు వేయకండి, అవి కొద్ది రోజుల్లో లేచిపోయే అవకాశమే ఎక్కువ.

ఇక అసలు ప్రశ్న, వచ్చేవి అవేనా? అస్సాంలో తుట్టెల జన్యు నమూనాలు తీసుకుని, వలస పోయి వచ్చాక మళ్లీ తీసి పోల్చారు, 2000లో నేచర్ పత్రికలో వచ్చింది. పాత కుటుంబాలే పాత చోటికి తిరిగొచ్చాయని అందులో తేలింది. చిత్రం ఏమిటంటే, పనిచేసే ఈగ బతికేది వారాలు, మహా అయితే కొద్ది నెలలు. అంటే దసరాకు మీ ట్యాంకు దగ్గరికి వచ్చే ఈగల్లో చాలావరకు ఆ ట్యాంకును ఎన్నడూ చూడనివి. రాణి ఏళ్ల తరబడి బతుకుతుంది కానీ దారి చూపేది రాణి కాదు, నాట్యం చేసే పని ఈగలు. దూలానికి అంటుకున్న పాత మైనం వాసన ఆనవాలు కావచ్చని ఒక వాదన ఉంది. దగ్గరికి వచ్చాక అది పనిచేస్తుందేమో గానీ, వంద కిలోమీటర్ల అవతల నుంచి అదొక్కటే చాలుతుందంటే నాకు నమ్మబుద్ధి కాదు.

పసుపు చుక్కలు వాటి రెట్ట. గూడు మీద పడకుండా గుంపుగా లేచి ఎగురుతూ విసర్జిస్తాయి, నిండా జీర్ణమైన పుప్పొడే ఉంటుంది. దీని మీద ప్రపంచ రాజకీయమే నడిచింది తెలుసా? 1981లో అమెరికా విదేశాంగ మంత్రి అలెగ్జాండర్ హేగ్, లావోస్, కాంబోడియాల్లో సోవియట్ వాళ్ల సాయంతో విషాయుధం వాడుతున్నారని ఆరోపించాడు, పసుపు వాన అని పేరు పడింది. హార్వర్డ్ శాస్త్రవేత్త మాథ్యూ మెసెల్సన్, తేనెటీగల మీద పనిచేసే థామస్ సీలీ లాంటివాళ్లు చూసి ఆ చుక్కలు తేనెటీగల రెట్టలేనని వాదించారు. మీ అమ్మగారికి చెప్పండి, ఉతికితే పోతుంది.

వీధిలైటు సంగతి: ఈ జాతి వెన్నెల రాత్రుల్లో కూడా మేతకు పోగలదు. రాత్రి ఎగిరే అలవాటు ఉంది కాబట్టే లైటుకు మోసపోయి, దాని చుట్టూ తిరిగి తిరిగి అలసి రాలిపోతుంది.

రైట్ రైట్:
ఇంత కథ ఎందుకు భయ్యా. ఒక కాగడా, లీటరు కిరోసిన్, ఒక్క రాత్రి పని. పిల్లలకు ఏమన్నా అయితే ఈ నాట్యాలు, జన్యువులు అడ్డమొస్తయా?

అమ్రాబాద్ అడవి దారి:
రైట్ అన్నా, పిల్లల మీద మీ భయం నాకర్థమైంది. కానీ కాలిస్తే జరిగేది చెప్తా. పెర మీది ఈగలు కొన్నే కాలతాయి, మిగతావి చీకట్లో చెదిరి లైటున్న ఇళ్లలోకి దూరతాయి, తెల్లారి గూడు లేని ఈగలు ఆ చుట్టుపక్కలే కోపంగా తిరుగుతుంటాయి. బడి తెరిచేది అప్పుడే కదా. పైగా అది వాటికి నచ్చిన జాగా, ఈ కుటుంబం కాకపోతే ఇంకోటి వస్తది. ఏటేటా కాలుస్తారా?

నల్లమల వైపు సంగతి. మా దగ్గర చెంచులు తేనె ఎక్కువగా తీసేది ఎండాకాలంలోనే. ఇప్ప, నేరేడు, మద్ది, ఒకదాని వెనక ఒకటి పూస్తుంటాయి, లోయల్లో ఎండల్లో కూడా నీటి చెలమలు దొరుకుతాయి. మీ చెలకలు ఎండే టైముకు మా అడవి పూత మీద ఉంటది, దేవరకొండ నుంచి నల్లమల ఎంత దూరం, టీచరమ్మ చెప్పిన దూరంలో సగం కూడా లేదు. మీ ట్యాంకు ఈగలకు దగ్గర్లో ఇంతకన్నా మంచి దిక్కు నాకైతే కనబడదు. కానీ మైదానంలోని ఈగలన్నీ ఒక్కసారి మూటాముల్లె కట్టుకుని అడవికి వచ్చేస్తాయని మాత్రం అనుకోకండి. బత్తాయి పూత నడిచే నెలల్లో కూడా అడవిలో తుట్టెలుంటాయి. ఏ తుట్టె లెక్క దానిదే, పక్క తుట్టె పోయిందని ఇది లేవదు. ఇంకోటి, మేత బాగా ఉన్నప్పుడు పెద్ద తుట్టె రెండుగా చీలి ఒక పాయ పక్క చెట్టుకో, పక్క దూలానికో పోతది. మీకు సంక్రాంతి వరకు లెక్క పెరిగేది కొంత దానివల్లే, అన్నీ దూరం నుంచి వచ్చినవి కావు.

చెంచు పెద్దలు తీసేటప్పుడు చూడాలె. బండ అంచు నుంచి తాడు మీద దిగుతారు, పైన తాడు పట్టుకునేది బావమరిది అంటారు, అక్కో చెల్లెలో ముండ మొయ్యకూడదని వాడు ప్రాణం పెట్టి పట్టుకుంటాడని. పచ్చి ఆకుల పొగ పెడతారు, మంట కాదు. తేనె ఉండేది పెర పైమూలలో లావుగా ఉబ్బిన చోట, పిల్లలుండేది దాని కింద. ఆ లావు భాగం మట్టుకు కోసి పిల్లల పెర వదిలితే ఈగలు మళ్లీ నింపుకుంటాయి. పట్నం నుంచి వచ్చే కాంట్రాక్టు మనుషులు పెర మొత్తం నరికి బకెట్లో వేస్తారు, దాన్ని తేనె తీయడం అని నేననను. జీసీసీ (గిరిజన సహకార సంస్థ) వాళ్లు కొనే తేనె సంగతి, రేట్ల సంగతి వేరే పోస్టు పెడితే అక్కడ మాట్లాడుకుందాం, మొదలుపెడితే ఆగను.

జుంటి తేనె పిచ్చోడు:
మధ్యలో దూరుతున్నా, కంచె పొదల్లో అరచెయ్యంత పెర పెట్టే జుంటీగలు కూడా ఇట్లనే జాగా మారుస్తాయి. దగ్గరికే మారితే పాత పెర మైనం గీరుకుని కొత్తదానికి మోసుకెళ్తాయి. పెద్దీగలేమో మైనం అక్కడే వదిలిపోతాయి. చిన్నదానికి ఉన్న పొదుపు పెద్దదానికి లేదు.

దేవరకొండ పోరడు:
అందరికీ థ్యాంక్స్. నాయనకు చదివి వినిపించిన, మీసం మెలేస్తున్నాడు. కానీ స్కూలు సంగతి ఇంకా తేలలే. ఎండాకాలం దాకా ఆపగలిగితే ఆపుతా, అప్పటిదాకా ఏం చెయ్యాలె, ఆ తర్వాత ఏం చెయ్యాలె?

పాలమూరు సైన్స్ టీచర్:
మీరు చేయగలిగిన పెద్ద పని అవి పోయాక చేసేదే. తుట్టెలన్నీ ఖాళీ అయ్యాయని ఖాయం చేసుకుని, స్కూలు వైపున్న దూలాల మీది పాత మైనం గీకించి, ఆ వైపు స్లాబు కింద సన్న జాలి బిగించండి. పెర అంటించడానికి జాగా దొరకదు. చెలకల వైపున్న భాగం వదిలేయండి, అక్కడ పెట్టుకుంటాయి. దసరాలోపే అయిపోవాలి, ఒక్క తుట్టె పడ్డాక ఎవరినీ ఎక్కించవద్దు.

అప్పటిదాకా ట్యాంకు కింద చెత్త కాల్చనివ్వకండి, టపాసులు వద్దు, పిల్లలు రాళ్లు వేయకుండా చూడండి. డేగలాంటి పిట్టలు తుట్టె మీద పడ్డప్పుడు కూడా ఈగలు లేస్తాయి, అది మన చేతుల్లో లేదు. పెర మీద అలలు అలలుగా మెరుపు కదిలితే అది కందిరీగను బెదిరించడానికి, అంతటితో దాడి మొదలైనట్టు కాదు, కానీ దూరం జరగడం మంచిదే. లేచి వెంటపడితే మొహం కప్పుకుని పరుగెత్తి ఏదైనా గదిలో దూరి తలుపు వేసుకోవాలి. బావిలో దూకకూడదు, పైకి తేలేదాకా అవి అక్కడే తిరుగుతుంటాయి. మీద వాలినదాన్ని నలిపి చంపితే వచ్చే వాసనకు ఇంకొన్ని వస్తాయి. ముల్లు దిగితే గోటితో వెంటనే గీరేయాలి, ఎంత త్వరగా తీస్తే అంత తక్కువ విషం ఎక్కుతుంది. ఊపిరాడకపోయినా, నాలుకా పెదాలూ వాచినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, చాలా కుట్లు పడినా ఆకు పసరు పూసుకుంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి. స్కూల్లో పిల్లలకు ఈ ముక్క ప్రార్థన అప్పుడే చెప్పించండి.

రైట్ రైట్:
జాలి ఖర్చు పంచాయతీ పెడతదా మరి?

దేవరకొండ పోరడు:
అడుగుతా అన్నా. కాల్చడానికి మనుషులకు ఇస్తామన్న పైసలు ఉన్నయి కదా, ముందు అవి జాలికి పెట్టమంటా.