పాప జేబులో బియ్యం గింజలు, రిపోర్ట్‌లో హిమోగ్లోబిన్ 8.4... ఏం చేయాలి?

తెనాలి అమ్మ:
అందరికీ నమస్తే. మా పాపకి 14 ఏళ్ళు, తొమ్మిదో తరగతి. పోయిన వారం యూనిఫాం ఉతుకుదామని జేబులు తిరగేస్తే బియ్యం గింజలు రాలాయి, బ్యాగులో చూస్తే సగం కొరికిన బలపాలు. అడిగితే ఏడ్చేసి, ఏడో తరగతి నుంచీ తింటున్నా అని చెప్పింది. బియ్యం తింటే పెళ్ళిలో వాన పడుతుందే అని మా అత్తయ్యగారు తిట్టడం, నేను కూడా రెండు దెబ్బలు వేశాను. మెట్లెక్కితే ఆయాసం, పొద్దున ఎంత లేపినా లేవదు. టెస్ట్ చేయిస్తే హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది. డాక్టర్ గారు ఐరన్ మాత్రలు రాశారు కానీ కడుపులో తిప్పుతోంది, మోషన్ నల్లగా వస్తోందని మూడు రోజులకే మానేసింది. బీట్‌రూట్ జ్యూస్, ఖర్జూరాలు, రెండు పూటలా పాలు ఇస్తున్నా. పిల్ల బొద్దుగానే ఉంటుందండీ, అన్నం బాగా తింటుంది, మరి రక్తం ఎందుకు లేదు?

ల్యాబ్ తమ్ముడు:
అక్కా, ముందు పాపని కొట్టడం ఆపండి ప్లీజ్. అది అల్లరి కాదు, ఒంట్లో ఐరన్ తగ్గితే చాలామందికి బియ్యం, బలపాలు, మట్టి, ఐస్ ముక్కలు తినాలనిపిస్తుంది, ఐరన్ అందితే ఆ కోరిక మామూలుగా దానంతటదే పోతుంది. బొద్దుగా ఉండటానికీ రక్తానికీ సంబంధం లేదక్కా, తెల్లన్నంతో కడుపు నిండుతుంది గానీ అందులో ఐరన్ చాలా తక్కువ, పాలల్లో అయితే దాదాపు లేనట్టే. పైగా ఎదిగే వయసు, నెలనెలా రక్తం పోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రాలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం, అంటే ప్రతి ఇద్దరిలో ఒకరికన్నా ఎక్కువ. వీలైతే మీరు కూడా ఒకసారి టెస్ట్ చేయించుకోండి.

కరీంనగర్ అక్క:
మా బిడ్డకు గూడ గిట్లనే ఉండె చెల్లె, 7.9 ఉండె. మోషన్ నల్లగ అయితది, దానికి భయపడకు, అది మాత్ర రంగే. పరగడుపున తిప్పుతదంటే రాత్రి తిన్నంక వేయి, నిమ్మకాయ నీళ్ళతోని మింగమను, పాలతోని వద్దు, కాల్షియం గోలీ ఉంటే అది వేరే పూట. మా ఇంట్ల అసలు దొంగ చాయ్! టిఫిన్‌తోని చాయ్, అన్నం తినంగనే చాయ్, అది తిండిల ఉన్న ఐరన్‌ను ఒంటికి పట్టనియ్యదట, డాక్టరమ్మ చెప్పేదాకా నాకు తెల్వనే తెల్వదు. తిండికీ చాయ్‌కీ గంటకు పైనే ఎడం పెట్టినం. వారానికోసారి మేక కార్జం, మిగిలిన రోజులు పప్పుల తోటకూర, నిమ్మకాయ పిండి శనగలు, పులుసు ఇనుప కడాయిల చేసుడు. మాత్రలు మాత్రం ఆపలేదు, మూడు నెలలకు 11.6 అయింది.

విజయనగరం సిస్టర్:
నేను ఇరవై ఏళ్ళుగా నర్సునమ్మా. నేను ఎక్కువగా చూసే పొరపాటు ఏంటంటే నంబర్ 12 దాటగానే మాత్ర మానేస్తారు, ఆర్నెల్లకి మళ్ళీ అదే కథ. హిమోగ్లోబిన్ నిండాక కూడా ఒంట్లో నిల్వ నిండాలంటే మామూలుగా ఇంకో మూడు నెలలు వేయిస్తారు. స్కూల్లో వారానికొకటి ఇచ్చే నీలం మాత్ర రక్తం తగ్గకుండా ముందుజాగ్రత్తకి, మీ పాపకి ఇప్పుడు అదొక్కటే సరిపోదు. తిప్పుతోందని మీ అంతట మీరు ఆపొద్దు, డాక్టర్ గారికి చెబితే వేరే రకం రాస్తారు. నులిపురుగుల మాత్ర వేశారా? నెలసరి ఎన్ని రోజులు ఉంటోంది, రోజుకి ఎన్ని ప్యాడ్‌లు మారుస్తోంది అన్నది మీరే నెమ్మదిగా అడగండి, డాక్టర్ ముందు పిల్లలు సిగ్గుతో చెప్పరు. నెల రోజులు సరిగ్గా వేసినా నంబర్ కదలకపోతే తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్త జబ్బు) లాంటివి ఉన్నాయేమో చూడాలి. ఊరికే కూర్చున్నా ఆయాసం, గుండెదడ ఉంటే మాత్రం ఆగకుండా వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి.

తెనాలి అమ్మ:
చదువుతుంటే కన్నీళ్ళు ఆగలేదండీ, కొట్టినందుకు. నిన్న రాత్రి అన్నం తిన్నాక నిమ్మరసంతో మాత్ర వేశాను, తిప్పలేదంది. పొద్దున టీ నేనే మానిపించా. ప్యాడ్‌ల సంగతి అడిగితే ఎనిమిది రోజులు అవుతోందట, ఇన్నాళ్ళూ నాతో అనలేదు. సోమవారం డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళి ఆ మాటే ముందు చెప్తా. సిస్టర్ గారూ, నులిపురుగుల మాత్ర ఐరన్‌తో పాటు అదే రోజు వేయొచ్చా?