పెట్రోల్ నిజంగానే ఖరీదా, మన ఏడుపే ఎక్కువా?

పాతకారు:
నిన్న ట్యాంకు నింపించి ఇంటికొచ్చి గొణుగుతుంటే మా ఆవిడ ఒక్క మాట అంది: "పోయినసారీ ఇలాగే ఏడ్చావు, ఆ ముందుసారీ ఇలాగే. ఎప్పుడు చవగ్గా ఉందో ఒక్క రోజు చెప్పు." నిజంగానే చెప్పలేకపోయాను. పెట్రోల్ చవగ్గా ఉన్న రోజంటూ నాకు ఒక్కటీ గుర్తులేదు. రేటు నిజంగా ఎక్కువా, లేక బంకు ముందు అంత పెద్ద అంకెలతో బోర్డు పెట్టడం వల్ల మనకలా అనిపిస్తోందా? ఎవరెలా నెట్టుకొస్తున్నారో కూడా రాయండి. "బండి అమ్మేయండి" అనే పెద్దలు ఆఖర్న వస్తే చాలు.

లెక్కలమాస్టారు:
అనిపించడమే. రేటును పోల్చాలంటే రూపాయి విలువో డాలర్ విలువో తగ్గిన సంగతి కూడా కలపాలి. అమెరికా లెక్కలు తేలిగ్గా దొరుకుతాయి కాబట్టి అవే చెబుతాను. 2008 జూలైలో ముడి చమురు పీపా 147 డాలర్లు తాకినప్పుడు అక్కడ గ్యాలన్ పెట్రోల్ సగటు ధర 4.11 డాలర్లు. 2022 జూన్‌లో అది మొదటిసారి 5 డాలర్లు దాటింది. చరిత్రలో ఎప్పుడూ లేనంత రేటని గోల గోల చేశారు. కానీ ఆ 4.11ని 2022 నాటి విలువలోకి మారిస్తే దాదాపు ఐదున్నర డాలర్లు. అంటే రికార్డన్న రోజు కన్నా పద్నాలుగేళ్ల కిందటి రోజే ఎక్కువ ఖరీదు. దీనికితోడు ఇప్పటి కార్లు అదే లీటరుకు ఎక్కువ దూరం పోతున్నాయి. పాలు, అద్దె, స్కూలు ఫీజు ఏ మేరకు పెరిగాయో దీని పక్కన పెట్టి చూడండి, పెట్రోల్ మీద జాలేస్తుంది.

రాత్రిడ్యూటీ:
మాస్టారూ, మీ లెక్క తప్పనను. అది నెల జీతం వచ్చేవాళ్ల లెక్క.

నేను క్యాబ్ నడిపి బతుకుతున్నా. మొన్న మంగళవారం రాత్రి మీటరు 212 కిలోమీటర్లు తిరిగింది. అందులో మనిషి కూర్చున్నది 131. మిగతా 81 కిలోమీటర్లు పికప్‌కి పోవడం, దింపి ఖాళీగా వెనక్కి రావడం. ఆ 81కి ఎవరూ కిరాయి ఇవ్వరు, పెట్రోల్ మాత్రం నాదే. రేటు పెరిగిన రోజున నా కిరాయి పెరగదు. పెంచితే ఎప్పుడో నెలల తర్వాత పెంచుతారు, అందులోనూ కమీషన్ కోత. పద్నాలుగేళ్ల సగటు తీస్తే అన్నీ సమానంగానే కనిపిస్తాయి. నాకు కావాల్సింది ఈ వారం సగటు.

పెరగడం ఒక్క రాత్రిలో పెరుగుతుంది. దిగడమే ఏళ్లూ పూళ్లూ.

సగంట్యాంకు:
రాత్రిడ్యూటీ అన్న చివర్లో అన్నది ఉత్త అక్కసు కాదు. ఆర్థికవేత్తలు దీనికి పేరే పెట్టారు, ఎక్కేటప్పుడు రాకెట్, దిగేటప్పుడు ఈక అని. చాలా దేశాల్లో చూసిందే. రేటు ఎక్కుతున్నప్పుడు మనం నాలుగు బంకులు చూసి పోయించుకుంటాం. దిగుతున్నప్పుడు "హమ్మయ్య, తగ్గింది" అని మొదటి బంకులోనే ఆగిపోతాం. అలాంటప్పుడు బంకువాడికి తొందరేముంది? ఇది ఒక కారణమంటారు.

ఇంకోటి, ముడి చమురు సగానికి పడినా మన బిల్లు సగానికి పడదు. లీటరుకు ఇంత అని వేసే పన్ను, రిఫైనరీ ఖర్చు, రవాణా, బంకు కమీషన్, ఇవేవీ దాంతోపాటు దిగవు. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడి చమురు ఫ్యూచర్స్, అంటే సరుకు తర్వాత తీసుకునేలా ముందే రేటు కుదుర్చుకునే ఒప్పందాలు, పీపాకు మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిశాయి. అంటే పీపా తీసుకెళ్లేవాడికే ఎదురు డబ్బులు! ఆ రోజు ఏ బంకులోనైనా ఫ్రీగా పోశారా?

పన్ను సంగతి దేశానికో తీరు. అమెరికా కేంద్ర పన్ను గ్యాలన్‌కు 18.4 సెంట్లు, 1993 నుంచి కదల్లేదు. నార్వే చమురు అమ్ముకునే దేశమే, అయినా అక్కడ బంకులో రేటు చూస్తే గుండె ఆగుతుంది. కాబట్టి "పెట్రోల్ ఖరీదు" అన్నప్పుడు తిట్టాల్సింది చమురునా, పన్నునా అన్నది ముందు తేల్చుకోవాలి.

లెక్కలమాస్టారు:
రాత్రిడ్యూటీ గారి ఖాళీ కిలోమీటర్ల ముచ్చట నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నా. 131కి వచ్చే డబ్బుతో 212కి పోయించుకుంటున్నారు. అంటే మనందరికీ ఒక లీటరైతే ఆయనకు ఒకటిన్నరకు పైనే. ఆయన విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నా. పాతకారు గారి విషయంలో మాత్రం కాదు.

పాతకారు:
నన్నెందుకు వదలరు మాస్టారూ? సరే, ఇది చెప్పండి. మాకు 12 కిలోమీటర్ల అవతల ఒక బంకులో రేటు కాస్త తక్కువ. ఆదివారం పొద్దున్నే చల్లటి వేళ అక్కడికి వెళ్లి ఫుల్ చేయిస్తున్నా. చల్లగా ఉంటే పెట్రోల్ చిక్కగా వస్తుందట కదా.

సగంట్యాంకు:
ఆ చిక్కదనం కబుర్లు మా నాన్న కూడా చెప్పేవారు. పెట్రోల్ ఉండేది భూమి లోపల ట్యాంకులో. అక్కడ పొద్దునకీ మధ్యాహ్నానికీ వేడి పెద్దగా మారదు. నిద్ర చెడగొట్టుకోకండి.

దూరం లెక్కయితే, రానూ పోనూ 24 కిలోమీటర్లు. మీ బండి లీటరుకు 12 ఇస్తుందనుకుంటే రెండు లీటర్లు దారిలోనే హారతి. నలభై లీటర్లు పోయించుకుంటే రేటు కనీసం 5 శాతం తక్కువుండాలి, అప్పటికి సరికి సరి. అటు వేరే పనుంటే సరే, లేకపోతే అది షికారు.

నా పద్ధతి చెప్పనా? టాప్ మీద లగేజీ క్యారియర్ ఊరెళ్లేటప్పుడే బిగిస్తా. నెలకోసారి టైర్లలో గాలి చూపిస్తా. హైవే మీద తొంభై దాటను, వెనకవాళ్లు హారన్ కొట్టుకున్నా సరే. గాలి అడ్డు వేగంతో సమానంగా పెరగదు, వేగం రెట్టింపైతే అడ్డు నాలుగింతలు. 1973 అక్టోబర్‌లో అరబ్ దేశాలు చమురు ఆపేశాక కొన్ని నెలల్లో పీపా రేటు దాదాపు నాలుగింతలైంది. అప్పుడు అమెరికా దేశమంతటికీ గంటకు 55 మైళ్ల పరిమితి పెట్టింది ఈ పొదుపు కోసమే. ఎత్తేసింది 1995లో.

నడకరాయుడు:
ఆఖర్న రమ్మన్నారుగా, వచ్చాను. బండి అమ్మేయండి.

రాత్రిడ్యూటీ:
అందరూ అమ్మేస్తే నాకే మంచిది.

లెక్కలమాస్టారు:
అమ్మేది ఉంటే ఏది అమ్మాలో చూసి అమ్మండి. ఇంట్లో రెండు బండ్లున్నవాళ్లు చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. లీటరుకు 20 ఇచ్చేది మార్చి 25 ఇచ్చేది కొంటే ఐదు పెరిగిందని మురిసిపోతారు. 100 కిలోమీటర్లకు ఆదా అయ్యేది ఒక్క లీటరు. అదే 8 ఇచ్చే పాత బండిని తీసేసి 10 ఇచ్చేది తెచ్చుకుంటే పెరిగింది రెండే, ఆదా మాత్రం రెండున్నర లీటర్లు. వందకు ఎన్ని లీటర్లు తాగుతోందో చూడాలి, లీటరుకు ఎన్ని కిలోమీటర్లన్నది మోసం చేస్తుంది. పాతకారు గారూ, ఇంతకీ మీది ఎంతిస్తుంది?

పాతకారు:
కొన్నప్పుడు పద్నాలుగు అన్నారు.

రాత్రిడ్యూటీ:
కొన్నప్పుడు ఏమన్నారో అడగలేదు సార్. ఫుల్ చేయించి మీటరు రాసుకోండి, మళ్లీ ఫుల్ చేయించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో చూడండి. డ్యాష్‌బోర్డు పెట్టెలో ఒక చిన్న పుస్తకం, ఒక పెన్ను పెట్టుకోండి. నాది నాలుగో పుస్తకం.

పాతకారు:
పది రోజుల తర్వాత రాస్తున్నా. 361 కిలోమీటర్లు తిరిగాను, 38 లీటర్లు పట్టింది. లీటరుకు తొమ్మిదిన్నర! నేను ఇన్నాళ్లూ రేటును తిడుతున్నా. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

రాత్రిడ్యూటీ:
పద్నాలుగు ఎక్కడ, తొమ్మిదిన్నర ఎక్కడ. ఊళ్లో ట్రాఫిక్ వల్ల కొంత పోతుంది గానీ ఇంత పోదు. ఈసారి ఎక్కువ బ్రేకు వేయకుండా ఓ ఐదు కిలోమీటర్లు నడిపి, దిగి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. ముట్టుకోకండి, కాలుతుంది. ఏదైనా ఒకటి మిగతావాటికన్నా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంటుంది.

పాతకారు:
వెనక ఎడమ చక్రం. జానెడు దూరం నుంచే సెగ తగిలింది. రేపు పొద్దున్నే మెకానిక్ దగ్గరికి.