షార్జాకు కొత్తగా వచ్చాను, మొదటి జీతం ఎవరికి ఎంత పంపాలి?

కొత్త హెల్పర్, షార్జా:

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. పోయిన నెలలో ఇక్కడికి వచ్చాను. బిల్డింగ్ మెయింటెనెన్స్ కంపెనీలో ఎలక్ట్రీషియన్ హెల్పర్ పని. జీతం 1,200 దిర్హాలు, అందులో బేసిక్ 800. రూమ్ కంపెనీదే, తిండి మాత్రం మేమే చూసుకోవాలి. నేను పది ఫెయిల్, ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి కావాల్సింది). ఏజెంటుకు లక్షన్నర ఇచ్చాను. ఆ డబ్బంతా ఊళ్లో రెండు రూపాయల మిత్తికి తెచ్చిందే. వచ్చే వారం మొదటి జీతం పడుతుంది. నాన్న బోరు వేయిద్దాం, వీలైనంత పంపు అంటున్నాడు. బావ ఫోన్ కొనిమ్మంటున్నాడు. హుండీలో, అంటే బ్యాంకు కాకుండా దళారుల చేతి మీదుగా పంపితే రేటు ఎక్కువ వస్తుంది, ఇంటికే తెచ్చి ఇస్తారు అని రూమ్‌లో వాళ్ళు చెబుతున్నారు. ఏం చేయాలో తోచడం లేదు, టెన్షన్‌గా ఉంది.

దేరా పాతకాపు, దుబాయి:

తమ్మీ, ముందు కాగితం మీద లెక్క రాసుకో. ఎవరికి పంపాలో అక్కడే తేలుతుంది.

దిర్హానికి 23 రూపాయలు అనుకుందాం. నీ 1,200 అంటే 27,600 రూపాయలు. నలుగురు కలిసి వండుకుంటే తిండికి 300 దిర్హాలు, ఫోను, సబ్బులు, మందులు, చిల్లర ఖర్చులకు 150, చేతిలో ఉండాల్సింది 50. మిగిలేది 700. అంటే 16,100 రూపాయలు. ఓటీ (ఓవర్‌టైం) దొరికితే ఇంకొంచెం వస్తుంది. కానీ మొదటి నెల నుంచే ఓటీని నమ్ముకుని ఎవరికీ మాట ఇవ్వకు.

ఇప్పుడు అప్పు. లక్షన్నరకు రెండు రూపాయలంటే నెలకు 3,000 మిత్తి. మన ఊళ్లలో చాలామంది మిత్తి ఒక్కటీ కట్టుకుంటూ పోతారు, అసలు తర్వాత చూద్దాం అంటారు. అట్లా చేస్తే రెండేళ్ల కాంట్రాక్టు అయ్యేసరికి 72 వేలు కట్టి ఉంటావు, లక్షన్నర మాత్రం అట్లాగే ఉంటుంది. నెలకు 8,000 కడితే అప్పు తీరడానికి 24 నెలలు, అంటే కాంట్రాక్టు మొత్తం. అదే 12,000 కడితే 15వ నెలలో తీరిపోతుంది. మిగతా తొమ్మిది నెలల జీతమే నీది. అంతకు ముందు వచ్చేది నువ్వు సంపాదిస్తున్నట్టు కనిపిస్తుంది కానీ ఫైనాన్సరుది, ఏజెంటుది.

కాబట్టి నెలకు 12,000 అప్పుకు, 4,000 ఇంటికి. బోరు, ఫోను అప్పు తీరాక. నూటికి ఏడాదికి 24 రూపాయలు మిగిల్చే పంట మన దగ్గర ఏదైనా ఉంటే చెప్పు, నేనూ పెట్టుబడి పెడతాను.

ఇంకో మాట. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి, ఆ డబ్బుతో ఈ అప్పు కట్టేయమను. మీ అమ్మ మహిళా సంఘంలో ఉంటే బ్యాంకు లింకేజీ లోను అడగమను. ఈ రెండూ రూపాయి మిత్తి లోపే పడతాయి. అదే 12,000 కడుతూ పోతే మొత్తం మీద సుమారు 13 వేలు మిగులుతుంది. అమ్మ పుస్తెలతాడు పెట్టడానికి ఒప్పుకోకపోతే బలవంతం చేయకు, గొడవ వద్దు.

హుండీ సంగతి. రేటు పది, ఇరవై పైసలు ఎక్కువ ఇస్తారు, నిజమే. 700 దిర్హాలకు ఇరవై పైసలంటే 140 రూపాయలు. దానికోసం చట్టం ఒప్పుకోని దారిలో, రసీదు లేకుండా పంపడం ఎందుకు? ఇంటికి నగదు తేకుండా ఖాతాలో వేస్తారు కొందరు. ఆ డబ్బు ఎవరి ఖాతా నుంచి వస్తుందో నీకు తెలియదు. ఎక్కడో సైబర్ మోసం చేసిన సొమ్ము అయితే పోలీసులు మీ నాన్న ఖాతాను ఫ్రీజ్ చేస్తారు. వేరే రాష్ట్రంలోని పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాలి. ఇది ఇప్పుడు చాలా ఊళ్లలో జరుగుతోంది. అలాగే నీ ఏటీఎం కార్డు, సిమ్, ఖాతా ఎవరు అడిగినా ఇవ్వకు. రూమ్‌మేట్ అయినా సరే.

ఎక్స్ఛేంజీలో (లైసెన్స్ ఉన్న డబ్బు పంపే ఆఫీసులో) ఫీజు ఒకసారికి 20 దిర్హాల చుట్టూ ఉంటుంది, దాని మీద 5 శాతం వ్యాట్. 700 ఒకేసారి పంపితే ఇది 3 శాతం. 200 చొప్పున పంపితే పది శాతం దాటుతుంది. నెలకు ఒకసారే పంపు. ప్రవాసులు డబ్బు పంపే ఖర్చు 2030 కల్లా 3 శాతం లోపుకు రావాలని ఐక్యరాజ్యసమితి లక్ష్యం పెట్టుకుంది. నువ్వు నెలకు ఒకసారి వెళ్తే ఆ లక్ష్యం దగ్గరికి ఈ నెలే చేరతావు. ఫీజు ఒక్కటే కాదు, రేటులో కూడా కొంచెం కోస్తారు. అందుకే రెండు మూడు చోట్ల "700 ఇస్తే చేతికి ఎన్ని రూపాయలు?" అని అడుగు. రేటు పెరుగుతుందని వారాల తరబడి ఆగేవాళ్లు ఉన్నారు. దిర్హం 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గర కట్టేసి ఉంది. రేటు మారడం అంటే రూపాయి డాలరు ముందు పడడం, లేవడమే. అది మనకు అందే విషయం కాదు. ఇక్కడ నువ్వు ఆగితే అక్కడ మిత్తి ఆగదు.

కడప అక్క, కువైట్:

తమ్ముడూ, అన్న చెప్పిన లెక్క బాగుంది. నేను ఇళ్లలో పనిచేసేదాన్ని, నాకు తెలిసింది రెండు మాటలు చెబుతాను. ఇంటికి పంపేది నాన్న ఖాతాకు కాదు, అమ్మ ఖాతాకు పంపు. మా వైపు రాయచోటి, రాజంపేట నుంచి వచ్చిన ఆడవాళ్లలో ఎంతమంది మొగుడి ఖాతాకు పంపి, తిరిగి వెళ్లేసరికి ఏమీ లేక మళ్లీ వీసా తీసుకున్నారో చెప్పలేను. ఇంట్లో వాళ్లు చెడ్డవాళ్లని కాదు. చేతిలో డబ్బు ఉందని తెలిస్తే బంధువులు అడుగుతారు, లేదనలేరు.

ఇంకొకటి, జీతం ఎంతో ఊళ్లో చెప్పుకోవద్దు. ఓటీ అసలే చెప్పుకోవద్దు.

అకౌంట్స్ అన్న, అబుదాబి:

దేరా అన్న చెప్పిన 12 + 4 లెక్కలో ఒకటి కలుపుతాను. నీ పేరు మీద ఒక ఎన్‌ఆర్‌ఈ ఖాతా (బయట సంపాదించింది వేసుకునే ఎన్‌ఆర్‌ఐ ఖాతా) తెరువు. మినిమం బ్యాలెన్స్ తక్కువ ఉన్న ప్రభుత్వ బ్యాంకు చూసుకో. అందులో నెలకు 500 వేసినా చాలు, ఓటీ వచ్చిన నెల ఆ డబ్బంతా అందులోకే. ఆ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు. నువ్వు ఇండియాలో ఉన్నప్పుడు తెరిచిన మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా (ఇండియాలో వచ్చే డబ్బుకు ఎన్‌ఆర్‌ఐ ఖాతాగా) మార్పించాలి. చాలామంది పట్టించుకోరు కానీ రూల్ అదే. ఇండియా సిమ్‌కు రీఛార్జి ఆపకు, ఓటీపీలన్నీ దానికే వస్తాయి.

పొలం గురించి కూడా ఇప్పుడే చెప్పి పెడతాను, ఎందుకంటే రెండో ఏడాదిలో అందరికీ అదే ఆలోచన వస్తుంది. ఎన్‌ఆర్‌ఐగా ఉండగా నీ పేరు మీద వ్యవసాయ భూమి కొనడానికి విదేశీ మారక చట్టం ఫెమా ఒప్పుకోదు. వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు. అందుకే అందరూ నాన్న పేరు మీద, అన్న పేరు మీద కొంటారు. ఇరవై ఏళ్ల తర్వాత అన్నదమ్ముల పంచాయితీ అక్కడే మొదలవుతుంది. కొన్నా సాదా బైనామా (రిజిస్ట్రేషన్ లేని తెల్ల కాగితం) మీద కొనొద్దు, రిజిస్ట్రేషన్ అయ్యేదే కొనాలి.

ఇక "మనం పంపే పైసలతో ఊరు బాగుపడుతోంది" అనే మాట. మీటింగులకు వచ్చే నాయకులందరూ అంటారు. అబద్ధం కాదు. ఉత్తర తెలంగాణలో స్లాబ్ ఇళ్లు, ఇంగ్లీష్ మీడియం చదువులు, చెల్లెళ్ల పెళ్లిళ్లు డెబ్బైల నుంచి గల్ఫ్ డబ్బుతో నడుస్తున్నవే. రిజర్వ్ బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో దేశానికి వచ్చిన ప్రవాసుల డబ్బు 118.7 బిలియన్ డాలర్లు. అందులో అమెరికా వాటా 27.7 శాతం, యూఏఈ వాటా 19.2 శాతం. తెలంగాణకు చేరింది 8.1 శాతం, ఆంధ్రకు 4.4. డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ పంపేదీ, దుబాయి సోనాపూర్ లేబర్ క్యాంపు నుంచి మేస్త్రీ పంపేదీ ఒకే మూటలో లెక్క. నీ ఫైనాన్సరుకు వెళ్లే నెలకు మూడు వేల మిత్తి కూడా ఆ మూటలోనే ఉంటుంది, "అభివృద్ధి" పేరుతో.

అసలు చూడాల్సింది ఇది. లైసెన్స్ ఉన్న రిక్రూటింగ్ ఏజెంట్ నీ దగ్గర తీసుకోగలిగింది 30,000, దాని మీద జీఎస్టీ. మొత్తం 35,400. ఇక్కడి చట్టం ప్రకారం వీసా, రిక్రూట్‌మెంట్ ఖర్చు కంపెనీదే, పనివాడి మీద వేయకూడదు. నువ్వు ఇచ్చింది లక్షన్నర. పైన పోయిన 1,14,600 రూపాయలు మీ ఊళ్లో బోరు అయ్యేవి. ప్రభుత్వాలకు వలస నిజంగా అభివృద్ధి సాధనమే అయితే, పంపిన డబ్బును పొగడడం కంటే ముందు ఈ దోపిడీ ఆపాలి. పంపే ఫీజులో ఒక శాతం తగ్గించడం మంచిదే. కానీ బయలుదేరే ముందే ఏడు నెలలకు పైగా మిగులు ఊడ్చుకుపోయే ఖర్చు గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. కేరళలో ప్రవాసుల కోసం నోర్కా అనే ప్రభుత్వ శాఖ 1996 నుంచి ఉంది, ప్రవాసులకు సంక్షేమ నిధి, పెన్షన్ ఉన్నాయి. మన తెలంగాణలో గల్ఫ్ కార్మికులకు బోర్డు కావాలని ఏళ్లుగా డిమాండ్ ఉంది.

రెండు ప్రాక్టికల్ విషయాలు. నీది ఈసీఆర్ పాస్‌పోర్టు కాబట్టి ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ చేసి ఉంటారు, ఆ కాగితం ఏజెంటు దగ్గర ఉండిపోతే అడిగి తీసుకుని ఫోటో అమ్మకు పంపు. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియం, ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చి ఉద్యోగం పోయినా 10 లక్షల వరకు. గుండెపోటుకు ఆ 10 లక్షలు రావు. క్యాంపుల్లో ఎక్కువగా వినేది మాత్రం గుండెపోటే. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 లక్షలు ఇస్తోంది, ఆ సంగతి కూడా ఇంట్లో చెప్పి ఉంచు.

ఇక్కడ ఉద్యోగం పోతే వచ్చే ఐలో ఇన్సూరెన్స్ నీ జీతానికి నెలకు 5 దిర్హాలే. 12 నెలలు కట్టాక ఉద్యోగం తీసేస్తే మూడు నెలల వరకు బేసిక్‌లో 60 శాతం వస్తుంది. అందులో చేరకపోతే 400 ఫైన్. మరిచిపోకు.

దేరా పాతకాపు, దుబాయి:

బేసిక్ 800 అన్నావు కదా. ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున గ్రాట్యుటీ వస్తుంది, నీకు 560 దిర్హాలు. అలవెన్సుల మీద రాదు, అందుకే కంపెనీలు బేసిక్ తక్కువ చూపిస్తాయి. రెన్యూవల్ అప్పుడు జీతం పెంచమని అడిగితే, బేసిక్‌లో పెంచమని అడుగు.

మస్కట్ ఎలక్ట్రీషియన్:

నేను కొంచెం వేరేగా చెబుతాను, అన్నలు కోపం చేసుకోకండి. నాన్న బోరు మాట ఊరికే కొట్టేయొద్దు. ఆయన ఎండిన పొలం ముందు కూర్చుని అడుగుతున్నాడు, మనం ఏసీ బస్సులో కూర్చుని లెక్కలు చెబుతున్నాం. అప్పు తీరేవరకు ఆగుదామని నువ్వే ఫోన్ చేసి, నెలనెలా అసలు ఎంత తగ్గిందో చెప్పు. "పదిహేను నెలలు" అని తేదీ చెబితే ఆయన ఆగుతాడు. "చూద్దాం" అంటే ఇంకో అప్పు తెచ్చి బోరు వేస్తాడు. అది ఎండిపోతే రెండు అప్పులూ నీ మీదే పడతాయి.

పని నేర్చుకోవడం కూడా పెట్టుబడే. హెల్పర్‌గా ఉండిపోతే ఐదేళ్లయినా జీతం పెద్దగా కదలదు. డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు) డ్రెస్సింగ్, టెస్టింగ్ నేర్చుకుని ఎలక్ట్రీషియన్ కేటగిరీకి మారు. ఇప్పుడున్న కంపెనీ ఎక్కించకపోతే, కాంట్రాక్టు అయ్యాక వేరే కంపెనీ చూసుకోవచ్చు. మధ్యలో పారిపోయి ఖల్లివల్లి (కాగితాలు లేని మనిషి) అవ్వకు.

కొత్త హెల్పర్, షార్జా:

అందరికీ చాలా థాంక్స్. నాన్నతో మాట్లాడాను, ఇంకా కోపంగానే ఉన్నాడు. అమ్మ సంఘంలో ఉంది, లోను సంగతి అడుగుతానంది. ఒక చిక్కు ఉంది. అప్పు ఇచ్చినాయన నెలనెలా మిత్తి తీసుకుంటాడట, అసలు మాత్రం కొంచెం కొంచెం తీసుకోడట. మొత్తం ఒకేసారి కట్టమంటున్నాడు. మా చుట్టాలబ్బాయి కూడా వచ్చే ఏడాది రావాలంటున్నాడు, అదే ఏజెంటు దగ్గరికి వెళ్లమననా?

దేరా పాతకాపు, దుబాయి:

ఆయన మిత్తి పోతుందని అట్లా అంటాడు. ముందు పెద్దమనిషిని ఒకరిని పెట్టి అడిగించు, మూడు నెలలకు ఒకసారి 27 వేలకు తగ్గకుండా అసలు కడతామని. ముద్ద సొమ్ము కళ్ల ముందు పెడితే వద్దనేవాళ్లు తక్కువ. అప్పటికీ ఒప్పుకోకపోతే సంఘం లోను వచ్చాక మొత్తం ఒకేసారి మూసేయడమే దారి. ఆలోపు 9,000 నీ ఖాతాలో ఆపి, 3,000 మిత్తి మాత్రం పంపు.

కట్టిన ప్రతిసారీ ప్రోనోటు వెనక చెల్లు రాయించాలి, ఫోన్‌లో పంపితే స్క్రీన్‌షాట్ ఉంచుకోవాలి. మిత్తిని అసలులో కలిపి నోటు తిరగరాద్దామంటే నాన్నను సంతకం పెట్టొద్దని చెప్పు. అప్పు తీరిన రోజు నోటు వెనక్కి తీసుకోవాలి.

చుట్టాలబ్బాయిని ఆ ఏజెంటు దగ్గరికి పంపకు. ముందు హైదరాబాద్‌లో టామ్‌కామ్‌లో పేరు నమోదు చేయించు, అది తెలంగాణ ప్రభుత్వ సంస్థే. ఆంధ్ర వాళ్లకు ఓంక్యాప్ ఉంది. బయటి ఏజెంటే అయితే లైసెన్స్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైట్‌లో చూసుకోవాలి. ఊళ్లో బైక్ మీద తిరిగే సబ్ ఏజెంటు పేరు అందులో ఉండదు. విజిట్ వీసా మీద వచ్చి ఇక్కడ మార్చుకో అని ఎవరన్నా అంటే ఆ మాట అక్కడితో ఆపేయమను.

కడప అక్క, కువైట్:

జీతం ఆలస్యమైనా, పాస్‌పోర్టు కంపెనీ వాళ్లు పెట్టుకున్నా దుబాయిలో మన ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రం ఉంది, 800 46342. అక్కడ మన భాషల్లో మాట్లాడతారట, మా మరిది చేశాడు.

కొత్త హెల్పర్, షార్జా:

నంబర్ సేవ్ చేసుకున్నాను అక్కా. ఎక్స్ఛేంజీకి మొదటిసారి వెళ్తున్నాను, ఏం పట్టుకెళ్లాలి?

అకౌంట్స్ అన్న, అబుదాబి:

ఎమిరేట్స్ ఐడీ ఒరిజినల్, అమ్మ ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్, పాస్‌బుక్ మొదటి పేజీ ఫోటో. పేరు పాస్‌బుక్‌లో ఎట్లా ఉందో అట్లాగే రాయించు, ఇంటిపేరు ముందుందో వెనకుందో చూసుకో, తేడా ఉంటే డబ్బు వెనక్కి వచ్చి వారం పోవచ్చు. జీతాలు పడిన రోజు సాయంత్రం వెళ్తే లైను రోడ్డు మీదికి ఉంటుంది, మరుసటి రోజు పొద్దున వెళ్లు.